పులి వచ్చిన రోజు

"నాన్నా, పులి!" కథ తెలియని తెలుగుబిడ్డ ఉండడు. ఏటా మా కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు కథానిక పాఠం మొదలుపెట్టేటప్పుడు నేను ఈ కథే చెప్పి, "తప్పెవరిది?" అని అడుగుతాను. "కుర్రాడిదండీ!" అని ఏకకంఠంతో అంటారు. నేను తల పంకిస్తాను. పాఠం ముందుకు సాగుతుంది. ఇన్నేళ్ళుగా ఇదే వరస.

ఈ ఏడు మాత్రం వెనకబల్ల మీది పిల్ల ఒకతె లేచి నిలబడింది. "మాస్టారూ, మూడోసారి కేక విని కూడా చేలోంచి కదలని నాన్నది తప్పు కాదాండీ?" అంది.

ఏం చెప్పను? సమయానికి గంట కొట్టారు. బతుకుజీవుడా అని పుస్తకాలు సర్దుకుని బయటపడ్డాను. ఆ పిల్ల అల్లరికి అడగలేదు. నాకే జవాబు గొంతులో అడ్డం పడింది. అలా ఎందుకు పడిందో మీకు చెబుతాను.

కిందటి ఏడాది సంక్రాంతి సెలవులతో మొదలుపెట్టాలి. విజయవాడలో మేముండేది ఆరంతస్తుల మేడ. కింద స్తంభాల మధ్య బళ్ళు పెట్టుకునే జాగా, పైన ముప్పయ్యారు కాపురాలు. ప్రతి అంతస్తులోనూ మెట్ల పక్కన గోడకు ఒక ఎర్రపెట్టె ఉంటుంది. నిప్పు కనబడితే దాని అద్దం పగలగొట్టి మీట నొక్కాలి. మేడంతా దద్దరిల్లేలా గంట మోగుతుంది. ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999 నాటిది. దాని ప్రకారం 18 మీటర్లు, అంతకు పైబడిన నివాస భవనాలకూ, 15 మీటర్లు, అంతకు పైబడిన వ్యాపార భవనాలకూ అగ్నిమాపక శాఖవారి అనుమతిపత్రం ఉండి తీరాలి. తెలంగాణ వారికీ వారసత్వంగా వచ్చింది ఆ చట్టమే. మా మేడ కట్టినాయన ఆ పత్రం కోసమే గంట పెట్టించాడు. బాగానే పెట్టించాడు కూడాను.

పండక్కి పిల్లలు దిగారు. ఎర్రపెట్టెను చూస్తే పిల్లవాడి చెయ్యి ఊరుకుంటుందా? భోగినాడు ఒకసారి మోగింది. అందరం చెప్పులైనా వేసుకోకుండా కిందికి పరుగెత్తాం. సంక్రాంతినాడు మోగింది. సగంమంది దిగాం. కనుమనాడు మధ్యాహ్నం గారెలు తిని నడుం వాల్చిన వేళ మోగింది. ఎవరూ దిగలేదు సరికదా, నాలుగో అంతస్తు ఆయన బాల్కనీలోకి వచ్చి పిల్లల తల్లిదండ్రులను ఉద్దేశించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు.

ఆదివారంనాడు సంఘం సమావేశమైంది. గుండెజబ్బువారున్నారన్నారు ఒకరు. పసిపిల్లలు ఉలిక్కిపడుతున్నారన్నారు మరొకరు. గంట తీగ విప్పించేద్దాం అన్నదే అందరి మాటా. తీర్మానం చక్కటి తెలుగులో రాయమని నాకు అప్పజెప్పారు. తెలుగు మాస్టారంటే మరి అందుకేగా! "అలారం గంటను తాత్కాలికంగా నిలిపివేయుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది" అని రాశాను. ఆ 'తాత్కాలికంగా' అన్నమాట అచ్చంగా నేను వేసిందే. ఎలక్ట్రీషియన్ వచ్చి రెండు తీగలు విప్పి, కొసలకు నల్లటేపు చుట్టి, తన కూలి పుచ్చుకుని వెళ్ళాడు. ఎర్రపెట్టెలు గోడలకు అందంగా అలాగే ఉండిపోయాయి.

ఆ వేసవి సెలవుల్లో మా అమ్మను తీసుకుని అమెరికా వెళ్ళాను. మా చెల్లెలూ బావగారూ టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ పక్కనున్న ఒక ఊళ్ళో ఉంటారు. దిగిన రోజునే మా చెల్లెలు అమ్మకు ఇల్లంతా చూపించి, గుమ్మం పక్కనున్న మీటల పెట్టె దగ్గర ఆగింది. "అమ్మా, రాత్రి పడుకోబోయేముందు దీన్ని బిగిస్తాం. పొద్దున్న మేం లేచి విప్పేదాకా నువ్వు ఏ తలుపూ తీయకూడదు" అంది. అమ్మ సరేనంది.

సరేనన్నది గాని, డెబ్బయ్యేళ్ళుగా నాలుగున్నరకు లేచే ప్రాణం. మూడోరోజు తెల్లవారుజామున పెరట్లో తులసికుండీ దగ్గర దీపం పెడదామని వెనకతలుపు గడియ తీసింది. ఇక చూడండి, ఊరు మీద విమానం పడబోతున్నట్టు కూత! ఆ రాత్రి చెల్లెలికి ఆస్పత్రిలో డ్యూటీ. బావగారు వేరే ఊరు వెళ్ళారు. ఇంట్లో ఉన్నది నేనూ అమ్మా. కాపలా చూసే కంపెనీవారు చెల్లెలికి ఫోను చేశారు, అందలేదు. బావగారికి చేశారు, అందలేదు. ఒక నంబరు పలక్కపోతే రెండోదానికి చేసి, అప్పటికీ లాభం లేకపోతేనే పోలీసులకు చెప్పాలని అక్కడి చాలా ఊళ్ళలో నిబంధన. చెప్పారు. ఇరవై నిమిషాల్లో పోలీసాయన వచ్చాడు. టార్చిలైటు వేసి ఇల్లు నాలుగు పక్కలా చూశాడు. అమ్మ చేతిలోని ప్రమిదను చూశాడు. అమ్మ కాఫీ ఇస్తానంది. వద్దని దండం పెట్టి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళాడు.

కొన్నాళ్ళకు ఊరి ఆఫీసునుంచి చెల్లెలి పేర ఒక ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీన మీ ఇంట మోగినది తప్పుడు గంట, ఇది ఒకటోది అని దాని సారాంశం. జుల్మానా గిల్మానా లేదు. "పన్నెండు నెలల్లో మూడు దాకా క్షమిస్తారు అన్నయ్యా. ఇంకా రెండున్నాయి" అంది చెల్లెలు. అమ్మ విని, "శ్రీకృష్ణుడు శిశుపాలుడికి నూరు తప్పులు కాచాడు. వీళ్ళు మరీ పిసినారులే" అంది.

నాకు కుతూహలం కలిగింది. బావగారిచేత అక్కడి చట్టం తీయించి చూశాను. ఆశ్చర్యపోయాను. ఇంటికి దొంగగంట పెట్టుకోవాలంటే ఆ రాష్ట్రంలో చాలా ఊళ్ళలో ఊరివారి అనుమతి తీసుకోవాలి. కాపురాల ఇళ్ళకు ఆ రుసుము ఏడాదికి 50 డాలర్లు దాటరాదని రాష్ట్రమే హద్దు పెట్టింది. పన్నెండు నెలల్లో మూడు తప్పుడు గంటల వరకూ ఊరు జుల్మానా వేయకూడదు. అవి దాటాక ఒక్కొక్కదానికీ 50 డాలర్లదాకా, అలవాటు ముదిరితే 75, ఎనిమిది దాటితే 100 దాకా వేయవచ్చు. ఇంటివాడికి ఇలా ముకుతాడు వేశారు కదా, మరి పోలీసులకు? వాళ్ళకూ ఉంది. కబురందిన 30 నిమిషాల్లోగా మనిషి వచ్చి, స్వయంగా తనిఖీ చేసి, తప్పుడు గంట అని తేల్చాలి. అలా కానప్పుడు ఆ గంటను ఇంటివాడి లెక్కలో రాయడానికి వీల్లేదు. ఇంట్లో కూర్చుని "అబద్ధపు కేకే అయివుంటుంది" అనుకుని రాసుకుంటే చెల్లదన్నమాట! 'నాన్నా, పులి' కథలో కుర్రాడితోపాటు నాన్నక్కూడా చట్టం చేసిన మహానుభావులెవరో అనుకున్నాను.

ఇంత తంటా ఎందుకంటారా? ఆ దేశంలో పోలీసులకు చేరే దొంగగంటల్లో నూటికి తొంభైకి పైగా ఉత్తుత్తివే. గాలికి తలుపు కదిలిందనో, పిల్లి సోఫా ఎక్కిందనో, మా అమ్మలాంటి వారు దీపం పెట్టబోయారనో. అన్నిటికీ పోలీసాయన పరుగెత్తాల్సిందే. ఆ వేళకు నిజంగా పులి పడిన ఇల్లు మరోచోట ఎదురు చూస్తుంటుంది. విసిగి విసిగి సాల్ట్ లేక్ సిటీవారు 2000లో ఒక నిర్ణయానికొచ్చారు. కంపెనీ తరఫు కాపలామనిషి వచ్చి చూసి, నిజమే అంటేనే పోలీసులు కదులుతారు. 2024 అక్టోబరు నుంచి సియాటిల్ పోలీసులూ ఇదే దారి పట్టారు. గంట ఒక్కటే మోగితే చాలదు, శబ్దమో, బొమ్మో, కళ్ళారా చూసిన మనిషో సాక్ష్యం ఉండాలన్నారు. బీదవాడు కాపలామనిషిని పెట్టుకోగలడా అని దానిమీద వాదాలున్నాయి. ఉండవలసినవే. కాని ఒక్కటి గమనించండి. ఈ బిగింపంతా దొంగగంటకే. నిప్పుగంట మోగితే మాత్రం సాక్ష్యం పట్టుకురమ్మని అడిగేవాడు లేడు. దొంగ కాస్త ఆగినా, నిప్పు ఆగదు.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళకోసం పెట్టిన పద్ధతిలోనూ నాకు ఇలాంటి తెలివే కనిపించింది. ఊరెళ్ళేవారు ముందుగా పోలీసులకు తెలియజేస్తే, వారే ఉచితంగా ఇంట్లో కెమెరా అమర్చారు. లోపల అలికిడైతే పోలీసులకే కబురు చేరుతుంది. ఇల్లు ఖాళీ అని ముందే తెలుసు గనుక, అలికిడి చేసేది ఇంటి అత్తగారా, ఇంటికి కన్నం వేసినవాడా అన్న సందేహం తక్కువ.

ఇక్కడ నా తెలుగు మాస్టారి బుద్ధి ఊరుకోలేదు. ఇవన్నీ తెల్లవాళ్ళు కనిపెట్టినవే అనుకుంటే మన పెద్దలకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నగర పాలకుడి విధులు చెప్పే అధ్యాయం ఒకటుంది. వేసవిలో పట్టపగలు నడిమి జాముల్లో పొయ్యి రాజేస్తే జుల్మానా. ఇంటింటా నీళ్ళకుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం లేకపోతే జుల్మానా. వీధుల్లో, నాలుగుదారుల కూడళ్ళలో బారులు తీర్చిన నీటికుండలుండాలి. ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి పరుగెత్తిరాని యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6 పణాలు. అజాగ్రత్తవల్ల నిప్పు పుట్టించినవాడికి 54 పణాలు. చూశారా! కేక విని కదలనివాడిని కూడా ఆయన వదల్లేదు.

ఈ విద్యంతా పట్టుకుని నేను ఇంటికొచ్చాను. బావగారింట్లో చూసిన ఒక్క సంగతి మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళ వంటింటి పక్కన కప్పుకు పొగ పసిగట్టే బిళ్ళ ఉంది. చెల్లెలు మిరపకాయలు పోపు వేసిన ప్రతిసారీ అది కూసేది. బావగారు స్టూలెక్కి, స్నానంవేళ తలకు పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ దానికి తొడిగేవారు. వంటయ్యాక తీస్తానంటారు. నేనున్న నెలరోజుల్లో ఆ టోపీ తీయడం రెండుసార్లే చూశాను. అందరం నవ్వుకున్నాం. నేను కొంచెం ఎక్కువే నవ్వాను. ఇంటి దగ్గర నేను రాసివచ్చిన తీర్మానం నాకు గుర్తే రాలేదు.

కార్తీకమాసం వచ్చింది. ఒక సోమవారం రాత్రి ఒంటిగంట దాటింది. కింద బళ్ళ దగ్గర ఎవరో రాత్రంతా కరెంటు పెట్టి వదిలేసిన ఎలక్ట్రిక్ స్కూటరు అంటుకుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఇటువంటి స్కూటర్ల షోరూములో మంటలు లేచి, పొగ పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది పోయారు. ఆ వార్త చదివి అయ్యో అనుకున్నవాళ్ళమే అందరం. 2023 మార్చిలో ఆ సికింద్రాబాదులోనే మరో పెద్ద భవనంలో పొగకు ఊపిరాడక ఆరుగురు పోయారు. అప్పుడూ అయ్యో అనుకున్నాం. నిప్పుకంటే ముందు పొగ చంపుతుంది. అది మెట్లదారినే, పొగగొట్టంలో ఎక్కినట్టు పైకెక్కుతుంది. మంచి నిద్రలో ఉన్నవాడికి దాని వాసన తెలిసేలోగానే కథ ముగుస్తుంది. అందుకే కదా ముక్కుకు బదులు చెవికి చెప్పే గంటను పెట్టింది!

మా వాచ్‌మన్ ఆరోజు ఊరెళ్ళాడు. అతని భార్య ఒక్కతే కింద గదిలో పడుకుంది. ఆమె పొగకు లేచింది. మెట్ల దగ్గరి ఎర్రపెట్టె అద్దం గాజులచేత్తోనే పగలగొట్టి మీట నొక్కింది. ఏమీ మోగలేదు. మొదటి అంతస్తుకు పరుగెత్తి అక్కడిదీ నొక్కింది. ఏమీ మోగలేదు. కిందికి దిగి తన గదిలోంచి స్టీలు కంచం, అట్లకాడ పట్టుకుని మళ్ళీ ఎక్కింది. కంచం వాయించుకుంటూ, తలుపులు బాదుకుంటూ, కేకలు పెట్టుకుంటూ ఆ మనిషి ఆరంతస్తులూ ఎక్కింది. ఇదంతా ఆ పొగలోనే సుమండీ.

అందరం బతికాం. మెట్లమీద తోసుకుంటూ, తడిగుడ్డలు ముక్కుకు పట్టుకుని కొందరు కిందికి, దారి మూసుకుపోయినవారు డాబా మీదికి చేరాం. 101కు ఫోను చేస్తే అగ్నిమాపకదళం వచ్చి ఆర్పింది. మూడో అంతస్తులోని ముసలావిడ మాత్రం పొగ మింగి నాలుగురోజులు ఆస్పత్రిలో ఉంది. కనుమనాడు గంట మోగితే గుండె అదిరిందని సమావేశంలో చెప్పింది ఆవిడ కొడుకే.

తెల్లవారింది. వాచ్‌మన్ భార్య గట్టుమీద కూర్చుని ఉంది. అరచేతికి కట్టు కట్టారు. గొంతు పోయింది. నేను దగ్గరకు వెళ్ళి, నీ రుణం ఎలా తీర్చుకుంటామమ్మా అనబోయాను. ఆమె నన్నే అడిగింది: "అయ్యగారూ, ఆ ఎర్రపెట్టెలు గుద్ది గుద్ది నా చెయ్యి పోయింది. ఎందుకు మోగలేదండీ అవి?"

గంట తీగ విప్పిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ముప్పయ్యారు కాపురాలవాళ్ళం తీర్మానించుకున్నాం, రిజిస్టరులో సంతకాలు పెట్టుకున్నాం, గుమ్మంలో కాపలా ఉండే మనిషికి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. 'తత్కాలం' అంటే ఆ కాలం. 'తాత్కాలికం' అంటే ఆ కాలానికి మాత్రమే చెందినది. ఈ వ్యుత్పత్తి ఏటా బోర్డుమీద రాసేవాణ్ణి నేను. సంక్రాంతినుంచి కార్తీకందాకా పది నెలలు ఏ కాలమని చెప్పను ఆమెకు?

నిజం చెప్పాను. మేమే తీయించామన్నాను, తీర్మానం రాసింది నేనేనన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "నాకు చెప్పివుంటే ఆ పెట్టెల దగ్గర అంతసేపు నిలబడకపోదునండీ" అంది. అంతే.

మళ్ళీ సమావేశమయ్యాం. ఈసారి కూడా నేనే రాశాను. తీగలు ఆరోజే కలిపించాం. పిల్లలు సరదాకి గంట నొక్కితే ఏడాదిలో మూడుసార్లు క్షమాపణ, నాలుగోసారి నుంచి తల్లిదండ్రులు సంఘానికి వంద రూపాయలు కట్టాలి. ఇది టెక్సాస్ నుంచి తెచ్చుకున్నది. గంట విని కిందికి దిగనివారికీ అంతే జుల్మానా. ఇది కౌటిల్యుడిది. మరమ్మతుకు తప్ప గంట ఆపకూడదు. ఆపినంతసేపూ ఒక మనిషి మెట్ల దగ్గర మెలకువగా ఉండాలి. ఆ సంగతి ప్రతి ఇంటికీ, ముందుగా వాచ్‌మన్ ఇంటికీ చెప్పాలి. స్కూటర్లకు రాత్రిపూట కరెంటు పెట్టకూడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం పదకొండు గంటలకు గంట మోగించి చూడాలి. మోగించే బాధ్యత వాచ్‌మన్ భార్యది. 'తాత్కాలికంగా' అన్నమాట ఈ తీర్మానంలో ఎక్కడా రాకుండా చూసుకున్నాను.

అనుమతిపత్రంకోసం గంట పెట్టించడం వరకూ ప్రభుత్వం చేయించగలదు. మర్నాడు దాని నోరు నొక్కకుండా చూడవలసినవాళ్ళం మనమే. అబద్ధపు కేక ఒక తప్పు. దానికి విసిగి కేక అన్నదే లేకుండా చేసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. మీరు మేడల్లో ఉన్నవారైతే ఈవేళ ఒక్కసారి కిందికి దిగి, మీ ఎర్రపెట్టెకు గొంతు ఉందో లేదో కనుక్కోండి. ముందు అందరికీ చెప్పి మరీ నొక్కండి సుమా!

వెనకబల్ల పిల్లకు జవాబు బాకీ ఉన్నాను కదా. మొన్న తరగతిలో ఈ కథంతా దాచకుండా చెప్పాను. "కుర్రాడిదీ తప్పేనమ్మా, నాన్నదీ తప్పే. కాని నాన్న పెద్దవాడు" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది.

ఆదివారం పదకొండు గంటలకు మా గంట మోగింది. అమెరికానుంచి తిరిగొచ్చిన మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ, అందరికంటే ముందు మెట్లు దిగుతూ నన్నడిగింది: "ఒరే అబ్బాయ్, ఇదీ లెక్కలోకేనా? ఇంకా ఎన్ని మిగిలాయిరా మనకి?"